శనివారం, పన్నెండున్నర

తాళం కొనడానికి వచ్చినవాళ్ళు మొదట అడిగేది ఒక్కటే: "గట్టిదేనా?" గట్టిదే అని నేను నోటితో చెప్పను. కౌంటరు మీద పెట్టి వేస్తాను, లాగుతాను, తీస్తాను. మూడుసార్లు. కొట్టు నా చేతికి అప్పగించేటప్పుడు మా నాన్న అప్పగించిన పద్ధతి అది. ఎనిమిదేళ్ళుగా తాళాలు అమ్ముతున్నాను. ఇన్నేళ్ళలో పరీక్షించకుండా నేను ఇచ్చిన సరుకు ఒక్కటే. అది ఇనుముది కాదు, దానికి చెవి కూడా లేదు. దాన్ని నా స్నేహితురాలు తూనీగకి ఇచ్చాను.

ఆ ఏడాది వానలు పదిహేను శనివారాలు పడ్డాయి. నేను దేన్నయినా లెక్కగా గుర్తుపెట్టుకుంటాను, అలాగే చెబుతాను.

మేం నలుగురం. తూనీగ, చిన్నపిల్లలకి ఈత నేర్పేది. కొలనులో ఎప్పుడు చూసినా ఒక చోట నిలవకుండా నీళ్ళ మీద తిరుగుతుంటుందని ఆ పేరు మేమే పెట్టాం. ఆసుపత్రిలో పనిచేసేది నర్సమ్మ. ఇళ్ళ ప్లాన్లు గీసేవాడు గీతలు. నన్ను ముగ్గురూ షావుకారు అనేవాళ్ళు. వారమంతా ఎవరి పనిలో వాళ్ళు నలిగిపోయి, శనివారం రాత్రి ఎక్కడో ఒక చోట కలిసి తినేవాళ్ళం, పాటలు వినేవాళ్ళం, ఒకరి ప్రేమల్ని ఒకరు ఎగతాళి చేసుకునేవాళ్ళం. మాకు ఉన్న నియమం ఒక్కటే. ఇంటికెళ్ళాక ప్రతివాళ్ళూ మా నలుగురి గ్రూపులో "చేరాను" అని రాయాలి. పన్నెండున్నరకల్లా ఎవరిదైనా రాకపోతే మిగతా ముగ్గురూ లేచి వెతకడానికి బయలుదేరాలి.

రెండో శనివారం గీతలు దగ్గర్నుంచి ఆ మాట రాలేదు. ఫోను పలకలేదు. కుండపోతగా వాన. నర్సమ్మ డ్యూటీ బూట్లలో, తూనీగ వెనక్కి తిరగబడిన గొడుగుతో, నేను దుకాణం టార్పాలిను కప్పుకుని వాళ్ళ వీధికి వెళ్ళాం. తీరా చూస్తే ఆ మహానుభావుడు సొంత ఇంటి మెట్ల మీద, మూసిన తలుపుకి తల ఆనించి నిద్రపోతున్నాడు.

"తాళంచెవి ఎక్కడో పడిపోయింది. ఫోను చచ్చిపోయింది" అన్నాడు కళ్ళు నులుముకుంటూ.

"తాళాల కొట్టుదాన్ని స్నేహితురాల్ని చేసుకుని చెవి పారేసుకుంటావా? సిగ్గులేదూ!" అని నర్సమ్మ అతని భుజం మీద ఒక్కటి వేసింది.

"కొట్టవే తల్లీ, ఇంకోటి కొట్టు. కలేమో అనుకుంటున్నా. మీరు నిజంగా వచ్చారా?"

"లేదు, దయ్యాలం. లే, జరుగు" అంది తూనీగ.

గీతలు నవ్వలేదు. మా ముగ్గురి వంకా మార్చి మార్చి చూశాడు. తనకోసం ఎవరైనా వస్తారని అంతవరకూ నమ్మని మనిషి ముఖం అది. ఆ ముఖం నేను చూశాను. చూసి కూడా ఇంటికెళ్ళాక నేను వేసుకున్న లెక్క వేరు. నిద్ర మూడు గంటలు పోయింది. కొట్టు గంట ఆలస్యంగా తెరిచాను. నేను ఎలాగూ పదకొండింటికే ఇల్లు చేరేదాన్ని. గుర్తుపెట్టుకుని రాయడం దేనికి? నిద్రపట్టి మరిచిపోతే వీళ్ళు వానలో నాకోసం తిరగడం దేనికి? ఫోనులో ఒక సదుపాయం ఉంది. మాట ముందే రాసిపెట్టి, వారమూ సమయమూ చెబితే అదే పంపుకుంటుంది. పెట్టేశాను. ప్రతి శనివారం, పన్నెండున్నర, "చేరాను."

రెండు వారాల్లో పట్టేసింది తూనీగ. కొట్టుకి వచ్చి కౌంటరు మీద మోచేతులు ఆనించింది. జుట్టు ఇంకా తడి, కొలను నీళ్ళలో కలిపే మందు వాసన.

"ఒసేయ్ షావుకారూ, పోయిన వారమూ ఈ వారమూ సరిగ్గా పన్నెండున్నరకి చేరావు. ఒక్క నిమిషం తేడా లేదు. మనిషివా, గడియారానివా?"

చూపించాను. కడుపు పట్టుకుని నవ్వింది.

"దొంగా! నాకూ పెట్టు. ఇంటికెళ్ళగానే మంచం మీద పడతాను, సగం సార్లు మరిచిపోయి నర్సమ్మతో తిట్లు తింటున్నా."

"తెరవడానికి సంఖ్య చెప్పు."

"ఒకటి, అయిదు, సున్నా, సున్నా. మా అమ్మ మెడలో టేపు ఎన్ని మిల్లీమీటర్లో అంతే. అదొక్కటే నాకు మరుపురాని అంకె, చిన్నప్పట్నుంచీ దాంతో తన్నులు తిన్నాను కనక."

వాళ్ళమ్మ దర్జీ. బడిపిల్లల దుస్తులు, హోటళ్ళ కర్టెన్లు కుడుతుంది. మా అమ్మ ఉన్నప్పుడు మా ఇంటి బట్టలన్నీ ఆవిడే కుట్టేది, అందుకని నాకు పిన్ని. తల్లీకూతుళ్ళు ఇద్దరే, రైలు పట్టాలకి అవతల ఉండేవాళ్ళు. ఇవతల్నుంచి అక్కడికి వెళ్ళాలంటే ముప్ఫై ఎనిమిది మెట్ల వంతెన ఎక్కి దిగాలి.

నాలుగు నొక్కుల్లో పని అయిపోయింది. వేసి లాగి తీసి చూడలేదు. ఇది తెరుచుకోవలసిన రోజు ఎలా ఉంటుందని ఆలోచించలేదు.

ఆరో శనివారం తూనీగ ఒకబ్బాయిని మా ముందు కూర్చోబెట్టింది. ఫోనులో జంటలు కలిపే యాప్‌లో పరిచయం, రెండుసార్లు బయట కలిశారు, మూడోసారి మా పరీక్షకి. పాటల హాలులో మూలబల్ల, మధ్యలో వేయించిన బంగాళాదుంప ముక్కల పళ్ళెం.

"అందరూ కొండల ముందు, సముద్రాల ముందు నిలబడి ఫోటో పెడతారు. ఇతను కేబులు చుట్ట భుజాన వేసుకుని చెమటతో ఉన్నాడు. పోనీలే పాపం అని ఫోటోని కుడివైపుకి నెట్టి సరేనన్నాను" అని పరిచయం చేసింది.

"ఏం చేస్తుంటారు?" అన్నాను.

"సభలకీ, పాటలకీ మైకులు పెడతానండి."

"అయితే గొంతు పెద్దదన్నమాట" అంది నర్సమ్మ.

"అబ్బే, గొంతు వాళ్ళది. నా మాట 'ఒకటి, రెండు, మూడు' దాకానే. తరవాత దిగిపోవాలి."

గీతలు పడీపడీ నవ్వాడు. ఆ క్షణంలోనే అతనికి మైకు అని పేరు పడిపోయింది. నర్సమ్మ రక్తం గ్రూపు అడిగింది. గీతలు అద్దె ఇంటికి కిటికీలు ఎన్ని అని అడిగాడు. అన్నిటికీ బుద్ధిగా జవాబులు చెప్పాడు. నేను ఒకటే గమనించాను: తూనీగ మాట్లాడుతుంటే ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు నవ్వుతున్నాడు.

పదకొండింటికి నేను లేచాను. తూనీగ గుమ్మం దాకా వచ్చింది. బయట సన్నజల్లు.

"చెప్పు చెప్పు. సరుకు ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"బాగానే అంటే? పాసా?"

"మూడుసార్లు వేసి తీసి చూడాలి. తొందరేం?"

"నీ మొహం, నువ్వు ముసలిదానివైపోతావు అలా తీసి చూస్తూ" అని నా టార్పాలిను సరిచేసి లోపలికి పరుగెత్తింది. నాతో ఆమె చివరి మాట అది.

పన్నెండున్నరకి గ్రూపులో రెండు "చేరాను"లు పక్కపక్కనే పడ్డాయి, నాదీ ఆమెదీ. గీతలు అప్పటికే రాశాడు. నర్సమ్మ అన్నీ చూసుకుని పడుకుంది. నేను ఎప్పుడో నిద్రపోయాను.

తెల్లవారి అయిదూ పదికి వీధులూడ్చేవాళ్ళు చూశారు. వంతెన అవతలివైపు దిగే మెట్ల అడుగున పడి ఉంది. తడిసిన మెట్టు మీద కాలు జారి, తల వెనక దెబ్బ. నర్సమ్మ పనిచేసే ఆసుపత్రికే తెచ్చారు. మధ్యాహ్నం దాకా ఊపిరి ఉంది. తరవాత లేదు. "రాత్రే తెచ్చి ఉంటే" అని పెద్ద డాక్టరు నర్సమ్మతో అన్నాడు. మిగతాది చెప్పలేదు.

ఆసుపత్రి వరండాలో పిన్ని బెంచీ మీద కూర్చుని ఉంది. మెడలో టేపు తీయడం మరిచిపోయింది. ఎదురుగా గోడకి ఆనుకుని మైకు.

"పదకొండూ నలభైకి వంతెన దగ్గర దిగబెట్టాను. పైదాకా వస్తానన్నాను, వద్దంది. నా వ్యాను ఇవతల దారికి అడ్డంగా ఉంది" అంటున్నాడు.

నర్సమ్మ ఫోను తీసి చూపించింది. "పన్నెండున్నరకి చేరానని రాసింది. పదకొండూ నలభైకి దిగబెడితే ఇల్లు అయిదు నిమిషాలు. అప్పుడే పడి ఉంటే పన్నెండున్నరకి ఎలా రాస్తుంది? ఈ యాభై నిమిషాలు ఎక్కడుంది?"

నాకు తెలుసు. ఆమె ఆ మాట అంటుండగానే తెలిసింది. నోరు తెరిచాను.

"వీడు అబద్ధమాడుతున్నాడు" అన్నాడు గీతలు, మైకు చొక్కా పట్టుకుని.

నోరు మూసుకున్నాను.

పోలీసులు మైకుని మూడురోజులు తిప్పి, జారిపడిందని రాసి వదిలేశారు. మనుషులు వదల్లేదు. పిన్ని వీధిలో నిలబడి అతని పేరెత్తి శపించింది. సభలవాళ్ళు అతన్ని పిలవడం మానేశారు. నేను మాత్రం ఒక లెక్క కట్టుకున్నాను: తూనీగ ఆ ఏర్పాటు ఎప్పుడో తీసేసి ఉండొచ్చు, ఆ రాత్రి నిజంగా తనే రాసి ఉండొచ్చు. రుజువు లేదు కదా. రుజువు లేనంతకాలం ఆ లెక్క నిలబడింది. నాలుగు వారాలు దాంతోనే అన్నం తిన్నాను.

పదో వారం మధ్యలో పోలీసులు అన్నాళ్ళూ ఆర్పి ఉంచిన తూనీగ ఫోను పిన్నికి తిరిగి ఇచ్చారు. అది నాకు తెలియదు. ఆ శనివారం రాత్రి నిద్రపట్టక దొర్లుతుంటే పక్కన ఫోను వెలిగింది. తెర మీద ఆమె పేరు. కింద ఒక్క మాట.

"చేరాను."

కాసేపటికి నర్సమ్మ దగ్గర్నుంచి ఫోను. ఏడుస్తోంది. "చూశావా? షావుకారూ, చూశావా? పిన్నిని అడిగాను. ఆవిడ ముట్టుకోలేదట. ఛార్జింగులో పెట్టి ఊరుకుందట. అసలు అది తెరవడం ఆవిడకి రాదే!"

"ఏదో పాత మాట ఇప్పుడొచ్చి ఉంటుంది" అన్నాను.

పదకొండో శనివారం వచ్చింది. పన్నెండో శనివారం వచ్చింది. పన్నెండున్నర, నిమిషం తేడా లేదు. నాదీ ఆమెదీ పక్కపక్కన. నాది తీసేద్దామని చెయ్యి వేసి, ఒక్కసారిగా ఆగిపోతే ఎవరైనా అడుగుతారని మానేశాను. పన్నెండున్నరకి ముందే దీపాలన్నీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. కింద దుకాణంలో వందల తాళాలు. పైన నేను. ఆ మాట లోపలికి రావడానికి మాత్రం ఏదీ అడ్డు కాదు.

ఆ సోమవారం పిన్ని కొట్టుకి వచ్చింది. చేతిలో తూనీగ ఫోను, గుడ్డలో చుట్టి.

"నువ్వు తాళాలదానివి కదమ్మా. దీన్ని తియ్యి. వారం వారం మాట పంపుతోంది పిల్ల. లోపల ఇంకేమైనా చెప్పి ఉంటుంది. ఆ దుర్మార్గుడు ఏం చేశాడో చెప్పి ఉంటుంది."

ఫోను తీసుకున్నాను. ఆవిడ అరచేతి వేడి ఇంకా దాని మీద ఉంది. ఒకటి, అయిదు, సున్నా, సున్నా. వేలు అటే పోతోంది. కావాలని తప్పుడు అంకెలు నొక్కాను. రెండుసార్లు.

"నా వల్ల కాదు పిన్నీ. ఇది వేరే రకం."

"పోనీలే. పన్నెండున్నరకి వెలుగుతుంది, అదే చాలు నాకు." గుడ్డలో మళ్ళీ చుట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "శనివారం రాత్రి తలుపు గడియ వేయడం మానేశాను. చేరాను అంటుంటే వేసి ఎలా కూర్చోనూ?" అంది.

ఆవిడ ఇంటి తలుపు గడియ నా కొట్టులోదే. నేనే ఇచ్చాను, మూడుసార్లు వేసి చూపించి.

పద్నాలుగో వారం, మంగళవారం, మైకు వచ్చాడు. సన్నబడ్డాడు. వ్యాను తాళం ఎవరో పగలగొట్టి కేబుళ్ళు ముక్కలు చేసి పోయారట. దళసరి తాళం ఒకటి కావాలన్నాడు. కౌంటరు మీద పెట్టి వేశాను, లాగాను, తీశాను. నా చేతులు చూస్తూ అతను గొణుగుతున్నాడు: "ఒకటి... రెండు... మూడు..."

తాళం జేబులో వేసుకుని కదల్లేదు.

"ఒక్క మాట అడగొచ్చా అండి? ఆ రాత్రి వంతెన దగ్గర 'చేరాక నాకు చెప్పు' అన్నాను. 'దానికి ఏర్పాటుంది, షావుకారు చేసింది' అని నవ్వుతూ మెట్లెక్కింది. ఏం ఏర్పాటండీ అది?"

"పోలీసులకి చెప్పారా ఈ మాట?"

"లేదండి. అదేంటో నాకు తెలియదు కదా. ఊరికే మీ పేరు ఇరుక్కుంటుందని చెప్పలేదు."

షట్టరు సగం దింపాను. స్టూలు జరిపాను. "కూర్చోండి" అన్నాను. చెప్పాను.

అతను ఎగరలేదు, అరవలేదు. తరవాత తనూ ఒక లెక్క చేశాడు.

"ముప్ఫై ఎనిమిది మెట్లు ఎక్కి, అన్నీ దిగాలి. అంటే నేను వ్యాను వెనక్కి తిప్పుకుంటున్నప్పుడే ఆమె అక్కడ పడిపోయింది. నేను పాట పెట్టుకున్నాను."

అతని మీద నింద తీసేస్తున్నానని అనుకున్నాను. దాని చోట ఇంకొకటి పెట్టాను.

ఆ శనివారం సాయంత్రం వంతెన ఎక్కాను. చివరి మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని దిగాను. పిన్ని మిషను ముందు ఉంది, పక్కన బడి చొక్కాల గుట్ట. "ఫోను ఇవ్వండి" అన్నాను.

ఇచ్చింది. ఆవిడ చూస్తుండగానే నొక్కాను. తెరుచుకుంది.

"వేరే రకం అన్నావు?"

"అబద్ధం చెప్పాను పిన్నీ. నాకు అంకె తెలుసు. ఒకటి, అయిదు, సున్నా, సున్నా. మీ టేపు పొడవు."

ఆవిడ చెయ్యి మెడ దగ్గరికి పోయింది. టేపు కొస పట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను ఆ పేజీ తీసి ముందు పెట్టాను. ప్రతి శనివారం. పన్నెండున్నర. చేరాను.

"ఇది తనే పంపుకుంటుంది. మనిషి అక్కర్లేదు. ఆ రాత్రి కూడా ఇదే పంపింది. మైకు చెప్పింది నిజం."

"ఎవరు పెట్టారు?"

"నేను."

"ఎందుకు?"

ఎన్నో జవాబులు తయారుచేసుకుని వచ్చాను. ఆ గదిలో ఒక్కటే పనికొచ్చింది.

"నిద్ర కోసం."

పిన్ని సూది కింద ఉన్న చొక్కా తీసింది. కుట్టు వంకరపోయినట్టుంది, విప్పడం మొదలుపెట్టింది. ఒక్కో కుట్టూ బ్లేడుతో తెంపుతూ, తల ఎత్తకుండా, "ఆపెయ్" అంది.

ఆపాను. ఆవిడ ముందే నా ఫోనులోదీ తీసేశాను.

"వెళ్ళు. గడియ వేసుకోవాలి."

బయటికి వచ్చాక లోపల గడియ పడిన చప్పుడు విన్నాను. గట్టిగా పడింది.

ఆ రాత్రే నర్సమ్మకీ, గీతలుకీ చెప్పాను. గీతలు ఏడ్చాడు, మర్నాడు మైకు ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడట. నర్సమ్మ "అది చూసుకుని నేను నిద్రపోయానే" అని మాత్రం అంది. గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఈ రోజుకీ నా ఫోను ఎత్తదు.

పదిహేనో శనివారం. వాన పడీపడనట్టు ఉంది. నేను ఎక్కడికీ వెళ్ళలేదు. తొమ్మిదింటికి కొట్టు కట్టేసి పైకి వచ్చి పడుకున్నాను. పన్నెండున్నర అయింది. తెర నల్లగానే ఉంది. వెలగకూడదని కోరుకున్నదాన్నే, వెలగకపోతే భరించలేక ఫోను దిండు కింద పెట్టేశాను.

ఒంటిగంట కావస్తుండగా కింద షట్టరు మీద ఎవరో కొట్టారు. ఒక్కసారి కాదు, ఆగకుండా. దీపం పట్టుకుని దిగాను. షట్టరు మోకాలెత్తు లేపేసరికి తడిసిన చెప్పులు కనిపించాయి, రెండు జతలు. ఇంకా లేపాను.

గొడుగుతో పిన్ని. వెనక టార్చిలైటు పట్టుకుని మైకు.

ఆవిడ నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది, కొలత తీసుకుంటున్నట్టు.

"పన్నెండున్నర దాటింది. గ్రూపులో నీది రాలేదు" అంది.

"నేను... ఇవాళ బయటికే వెళ్ళలేదు పిన్నీ."

"నాకెలా తెలుస్తుంది?"

ఆవిడ మైకు వైపు తల ఊపింది. "ఆ మెట్లు ఒక్కదాన్నీ ఎక్కలేకపోయాను. ఇతన్ని పిలిచాను. వంతెన దాటి వచ్చి తీసుకొచ్చాడు."

"లోపలికి రండి. తడిసిపోయారు."

"ఎందుకూ? ఉన్నావుగా." క్షమించానని గాని, లేదని గాని అనలేదు. గొడుగు తిప్పుకుని వెళ్ళిపోయింది. మైకు టార్చి వెలుగు ఆవిడ పాదాల ముందు వేస్తూ నడిచాడు.

పైకి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. వీధి చివర వంతెన మీద ఆ వెలుగు ఒక్కో మెట్టూ ఎక్కడం కనిపించింది. ముప్ఫై ఎనిమిది లెక్కపెట్టాను. అవతలకి దిగేవి ఇక్కణ్ణించి కనిపించవు. ఫోను చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. పడుకోవాలని అనిపించలేదు.

ఒంటిగంటా ఇరవై ఆరుకి తెర వెలిగింది. తూనీగ పేరు. మాట కొత్తది. అక్షరాల మధ్య అక్కర్లేని ఖాళీలు, అలవాటు లేని వేలు ఒక్కొక్కటే వెతుక్కున్నట్టు.

"చే రా ను. పడు కో."

నేను కూడా ఒక్కో అక్షరం నా చేత్తో రాశాను.

"నేనూ ఇంట్లోనే ఉన్నాను పిన్నీ."